ఆది తాళానికి ఆగిపోయిన ఆర్కెస్ట్రా

నా చిన్నప్పుడు అని కథ మొదలుపెట్టే అర్హత నాకింకా రాలేదని మా అమ్మ అభిప్రాయం. ఇరవై ఎనిమిదేళ్ల మనిషికి గతం ఎక్కడిది, ఉన్నదంతా మొన్నా నిన్నే గదా అంటుంది. అయితే మా బాబాయి పిల్లలు ఈమధ్య నన్ను సోఫాలో కూర్చోబెట్టి, "అక్కా, మీ టైమ్‌లో ఇంటర్నెట్ ఉండేదా?" అని అడిగారు. ఉండేదని చెప్పినా జాలిగానే చూశారు. అంచేత పెద్దరికం వచ్చినట్టే లెక్క. ఆ హక్కుతో ఒక ఆదివారం సంగతి చెబుతాను.

అప్పుడు మేము న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో ఉండేవాళ్లం. ఒకే రంగు, ఒకే ఎత్తు, ఒకే మెట్లు ఉన్న అపార్ట్‌మెంట్లు. మా నాన్న రెండుసార్లు వేరేవాళ్ల తలుపుకి మా తాళంచెవి పెట్టి తిప్పాడు. రెండోసారి వాళ్లు కాఫీ కూడా ఇచ్చారు. మా పక్క బ్లాకులో ఒక అంకుల్ ఉండేవారు. వారంలో ఐదు రోజులు ఒక మందుల కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, శనివారం పొద్దున పిల్లలకు మృదంగం పాఠం. గురువుగారు అని పిలవబోతే ఒప్పుకునేవారు కాదు. గురువుగారంటే మా గురువుగారే, నేను అంకుల్‌ని, అంతవరకే అనేవారు. కాబట్టి మాకు ఆయన మృదంగం అంకుల్.

క్లాసులో మేము ఐదుగురం. మృదంగం ఒక్కటే. ఇంకో రెండు ఉండేవి గానీ, చలికాలంలో హీటర్ వేడికి వాటి తోలు పగిలి మూలన పడ్డాయి. ఉన్న ఒక్కదాన్నీ వంతులవారీగా వాయించాలి. ఒకరు వాయిస్తుంటే మిగతా నలుగురూ చాప మీద కూర్చుని తాళం వెయ్యాలి. ఆది తాళం. అరచేతిలో ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు లెక్కపెట్టాలి. మళ్లీ దెబ్బ, చెయ్యి వెల్లకిలా తిప్పడం, దెబ్బ, తిప్పడం. ఎనిమిది లెక్కలు. అయిపోగానే మళ్లీ ఒకటి. వాయించేవాడు తప్పు కొట్టినా, తుమ్మినా, మధ్యలో లేచి మంచినీళ్లకు వెళ్లినా తాళం వేసేవాళ్లు మాత్రం ఆపకూడదు. గంట క్లాసులో నాకు మృదంగం దక్కేది పన్నెండు నిమిషాలు. మిగతా నలభై ఎనిమిది నిమిషాలూ నేను ఒక గడియారాన్ని. బ్యాటరీ అవసరం లేనిదాన్ని.

నాలుగో తరగతికి వచ్చేసరికి ఈ ఉద్యోగం మీద నాకు విరక్తి కలిగింది. అదే సమయంలో మా స్కూల్లో బ్యాండు మొదలుపెట్టారు. ఎవరి వాయిద్యం వాళ్లకే ఇస్తారట. ఇంటికి తీసుకుపోవచ్చునట. నాకు ట్రాంబోన్ కావాలనిపించింది. మెరిసే ఇత్తడి గొట్టాన్ని ముందుకూ వెనక్కూ లాగుతూ ఊదడంలో ఏదో అధికారం కనిపించింది. ప్రాక్టీస్ శనివారం పొద్దున, సరిగ్గా మృదంగం వేళకే. సంతకం పెట్టిన ఫారం సోమవారానికి ఇవ్వాలి.

అమ్మ ఫారం చూసి, చదివి, పెన్ను తియ్యలేదు. "నేర్చుకుంటానని అంకుల్ దగ్గరికి వెళ్లి అడిగింది నువ్వు. మానేస్తానని చెప్పాల్సిందీ నువ్వే. చెప్పి వస్తే సంతకం పెడతా. నా నోటితో మాత్రం నేను చెప్పను."

తొమ్మిదేళ్ల పిల్లకు ఇది ఎంత బరువో పెద్దవాళ్లకు తెలియదు. ఆ శనివారం క్లాసులో నాలుగుసార్లు నోరు తెరిచాను. ఒకసారి ఆవులింత అనుకుని అంకుల్ కిటికీ తీశారు. ఇక మిగిలింది ఆదివారం.

ఆ ఆదివారం మధ్యాహ్నం అంకుల్ మా ఐదుగురినీ పిల్లల కోసం పెట్టిన ఆర్కెస్ట్రా కచేరీకి తీసుకువెళ్తున్నారు. నెల ముందే టికెట్లు తీశారు. ఎనభై మంది ఒకేసారి వాయిస్తారు, ఒక్కడూ చేత్తో తాళం వెయ్యడు, అయినా ఎలా కలుస్తుందో చూడాలి అనేది ఆయన కుతూహలం. మా అమ్మకు కుతూహలాలు లేవు. కచేరీ అంటే కచేరీయే అని నాకు పసుపుపచ్చ పట్టులంగా కట్టి, తలలో పూలు దొరకలేదని బాధపడి, చెవులకు బుట్టలు పెట్టి పంపింది. హాలుకు వచ్చిన మిగతా పిల్లలంతా జీన్సుల్లో, ఇద్దరు ముగ్గురు వానబూట్లలో ఉన్నారు. ఆ వందల మందిలో పెళ్లికి వచ్చినట్టు ఉన్నది నేనొక్కదాన్నే. పెళ్లికూతురు తరఫో పెళ్లికొడుకు తరఫో చెప్పడమే తరువాయి.

కండక్టర్, అంటే పుల్ల ఊపుతూ ఆర్కెస్ట్రాను నడిపించే మనిషి, ఒక నెరిసిన జుట్టావిడ, ఎర్రబూట్లు వేసుకుంది. ఆర్కెస్ట్రాకు వెన్ను తిప్పి మావైపు నిలబడి, ఇవాళ మీరు కదలకుండా కూర్చుంటే నేను ఒప్పుకోను అంది. అప్పటిదాకా మమ్మల్ని కదలకుండా కూర్చోమని బతిమాలుతున్న అమ్మానాన్నల ముఖాలు పడిపోయాయి. ఆవిడ కథ చెప్పడం మొదలుపెట్టింది. ఒక ముసలావిడ టోపీ గాలికి ఎగిరిపోతుంది. ఊరంతా దాని వెంట పడుతుంది. కథలో గాలి అంటే వేణువులు. ముసలావిడ బసూన్ అనే పొడుగాటి కర్రగొట్టం, దాని గొంతు పడిశం పట్టిన పెద్దమనిషిలా ఉంటుంది. పోలీసులు నా ట్రాంబోన్లు. గాలి వచ్చినప్పుడల్లా మేము చేతులు ఊపాలి. టోపీ నేల మీద పడ్డప్పుడల్లా సంగీతం ఆగుతుంది, ఆగిన తర్వాత లోలోపల మూడు లెక్కపెట్టి, అందరం కలిసి ఒక్క చప్పట్టు కొట్టాలి.

చెప్పినంత తేలిక కాదది. మూడు లెక్కపెట్టేలోపే సగం హాలు కొట్టేసింది, మిగతా సగం ఐదు దాకా లెక్కపెట్టింది. మా వరసలో మాత్రం ఐదుగురమూ ఒక్క దెబ్బగా కొట్టాం. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. మాకు అది పెద్ద విషయం అనిపించలేదు. నిశ్శబ్దాన్ని లెక్కపెట్టడమే కదా మా శనివారాల పని. అంకుల్ మాత్రం ఒకసారి మా వైపు తిరిగి, మళ్లీ ముందుకు తిరిగారు.

చివర్లో ఊరంతా ఇళ్లకు తిరిగిపోయే మార్చ్, అంటే కవాతు నడక పాట ఉంది. దాన్ని నడిపించడానికి పిల్లల్లోంచి ఒకరు కావాలంటూ కండక్టర్ కిందికి దిగి వచ్చింది. వందల చేతులు లేచాయి. నేను చెయ్యి ఎత్తలేదు. అంకుల్‌తో చెప్పాల్సిన మాటను ఇంగ్లీషులో చెబితే మర్యాదగా ఉంటుందా, తెలుగులో చెబితేనా అని ఆలోచిస్తున్నాను. ఆవిడ నేరుగా మా వరసకు వచ్చి నన్ను చూపించింది. మా చప్పట్లు విని వచ్చిందని మా క్లాసు పిల్లలు ఇప్పటికీ చెబుతారు. అంత దూరం నుంచి జరీ కనపడిందని నా నమ్మకం.

వేదిక ఎక్కించి, చిన్న పీట మీద నిలబెట్టి, నా చేతిలో తెల్లటి పుల్ల పెట్టింది. "ఈమె చెయ్యి ఎలా కదిలితే వీళ్లు అలా వాయిస్తారు," అని హాలుకంతటికీ చెప్పింది. "వేగంగా అయితే వేగంగా. మెల్లగా అయితే మెల్లగా. ఆగితే ఆగిపోతారు. మాట ఇస్తున్నాం."

చెయ్యి కదపమంటే నాకు తెలిసిన కదలిక ఒక్కటే. దానికి వేళ్లు ఖాళీగా ఉండాలి. పుల్లను లంగా బొందులో దోపుకుని, ఎడమ అరచెయ్యి చాపి, ఆది తాళం మొదలుపెట్టాను.

వాళ్లు మాట తప్పలేదు. అరచేతిలో దెబ్బ పడగానే ఎనభై మందీ ధన్‌మని వాయించారు. చిటికెన వేలు తాకగానే, ఇంత చిన్న వేలికి ఎంత వాయించాలో తెలియక, దోమంత శబ్దం చేశారు. ఉంగరం వేలుకు ఇంకాస్త. నేను చెయ్యి వెల్లకిలా తిప్పేసరికి చిక్కు వచ్చింది. అరచెయ్యి పైకి చూపడమంటే వాళ్ల లెక్కలో లేచి నిలబడమని అట. వయొలిన్ల వాళ్లు సగం మంది వాయిస్తూనే లేచారు. దెబ్బకు కూర్చున్నారు. తిప్పగానే మళ్లీ లేచారు. పిల్లలు విరగబడి నవ్వారు. నవ్వు వినగానే నా చెయ్యి పరిగెత్తింది. చెయ్యి వెనకాలే వాళ్లూ పరిగెత్తారు. ఇంటికి పోయే ఊరు కాస్తా ఇల్లు అంటుకున్న ఊరైంది. ఇక ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయాను.

నేను ఆగితే వాళ్లూ ఆగారు. ట్యూబా అనే పెద్ద బాకా ఒక్కటి, వార్త ఆలస్యంగా అందినట్టు, ఇంకో రెండు స్వరాలు ఊది ఆగింది.

ఆ నిశ్శబ్దం గురించి గొప్పగా రాయవచ్చు. నిజానికి నాకు జాకెట్టు జరీ అంచు మెడ దగ్గర గుచ్చుకుంటోంది, ఏడుపు వస్తోంది, గోక్కుంటూ ఏడిస్తే బాగుండదని ఆపుకుంటున్నాను. కండక్టర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఇది ఏ పద్ధతి, మాకూ చెబుతావా అని నెమ్మదిగా అడిగింది. నా దగ్గర దానికి ఇంగ్లీషు లేదు. తెలుగూ లేదు. నేను మా వరస వైపు చూశాను.

మా నలుగురు వీరులూ ముఖాలు కప్పుకుని ఉన్నారు. వాళ్ల పక్కన అంకుల్ ఎప్పుడూ కూర్చునే తీరులోనే కూర్చున్నారు. నవ్వలేదు. ధైర్యం చెబుతున్నట్టు తల ఊపలేదు. రమ్మనీ అనలేదు, కానిమ్మనీ అనలేదు. రెండు చేతులూ కాస్త ఛాతీ ఎత్తున పెట్టుకుని తాళం వేస్తున్నారు. నేను చూసేటప్పటికి ఉంగరం వేలు మీద ఉన్నారు. అంటే నా కోసం కొత్తగా మొదలుపెట్టింది కాదు. నేను పరిగెత్తకముందు ఏ నడకలో ఉందో అదే నడక. పాట ఆగిపోయినా ఆయన ఆపలేదు.

మధ్య వేలు. దెబ్బ. తిప్పడం. దెబ్బ. తిప్పడం. నేను ఆయన చేతుల్నే చూస్తూ ఒక చుట్టు అంతా పోనిచ్చాను. మళ్లీ మొదటి దెబ్బ దగ్గర నా చెయ్యి కూడా పడింది.

అందరికంటే ముందు అర్థమైంది వెనక వరసలో రాగి గుండిగల్లాంటి డోళ్ల ముందు నిలబడ్డ ముసలాయనకు. వాయించేవాళ్లకు వాయించేవాళ్లు తెలుస్తారేమో. ఆయన నా దెబ్బకు ఒక దెబ్బ వేసి, వేళ్ల మీద ఊరుకుని, మళ్లీ దెబ్బకు దెబ్బ వేశాడు. తర్వాత పెద్ద వయొలిన్లు, తర్వాత నా పోలీసులు, చివరికి అందరూ అందుకున్నారు. ఈసారి చెయ్యి తిప్పినా ఎవరూ లేవలేదు. కండక్టర్ పిల్లల వైపు తిరిగి, ఈమె చెయ్యి చూడండి, మీరూ చెయ్యండి అంది.

హాలంతా ఒక్క చేతిగా ఆది తాళం వేసిందని, పెద్దలు కళ్లు తుడుచుకున్నారని రాయాలని నాకూ ఉంది. సగం మంది ఏ వేలు పడితే ఆ వేలు లెక్కపెట్టారు. వెనక వరసలో ఒకడు, ఉన్న వేళ్లన్నీ వాడాలి గదా అని పది దాకా వెళ్లాడు. ఏడ్చింది ఒక్క పాప, అదీ బాత్రూమ్ కోసం. మార్చ్ అయిపోయింది, ఊరు ఇంటికి చేరింది, కండక్టర్ నా బొందులోంచి పుల్ల తీసుకుంది.

కచేరీ తర్వాత పార్కింగ్ లాట్‌లో వ్యాన్ వెనక తలుపు ఎత్తి, అంకుల్ అందరికీ పేపర్ ప్లేట్లలో పులిహోర పెట్టారు. పిల్లలు అటూ ఇటూ పరిగెత్తుతూ నన్ను చూసి లేచి కూర్చుని, లేచి కూర్చుని ఆడుతున్నారు. నేను ఆయన పక్కన వ్యాన్ అంచు మీద కూర్చున్నాను. ఇప్పుడు చెప్పకపోతే సోమవారం వచ్చేస్తుంది.

"అంకుల్, నేను మృదంగం స్టాప్ చేస్తున్నా. బ్యాండ్‌లో జాయిన్ అవుతా. సారీ."

"తెలుసమ్మా. బుధవారమే మీ అమ్మ ఫోన్ చేసింది."

మా అమ్మ మాట ఎంత గట్టిదో ఆ రోజు తెలిసింది. "తెలిసి కూడా నన్నెందుకు తీసుకొచ్చారు?"

"టికెట్ కొన్నాను గదా. రిఫండ్ లేదన్నారు." ఆయన ప్లేట్లో మిరపకాయ పక్కన పెట్టారు. "ఏం వాయిద్యం?"

"ట్రాంబోన్."

"మా కింద ఫ్లాట్ వాళ్లు నా మీద కంప్లయింట్ ఇచ్చి ఇచ్చి అలిసిపోయారు. ఇక మీ కింద ఫ్లాట్ వాళ్ల వంతు."

నాకు నవ్వు రాలేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది, బతిమాలినా బాగుండేది. రెండిటికీ నా దగ్గర జవాబులు తయారుగా ఉన్నాయి. "మీకు కోపం లేదా?"

"పన్నెండు నిమిషాల కోసం గంటసేపు కూర్చోమంటే నేనైనా మానేస్తాను. నా దగ్గర ఉన్నది ఒక్కటే మృదంగం, ఏం చెయ్యను." తర్వాత పాఠం చెప్పేటప్పటి గొంతుతో అన్నారు. "మొదటి చుట్టు బాగా వేశావు. తర్వాత పరిగెత్తావు. భయమేస్తే ఎవరైనా పరిగెడతారులే."

"నేను ఆగిపోయాక కూడా మీరు వేస్తూనే ఉన్నారు. ఎందుకు? పాట లేదు కదా."

ఆయనకు ఆ ప్రశ్న వింతగా అనిపించినట్టుంది. నా వైపు తిరిగి చూశారు.

"నువ్వు ఆగావు. నేను కూడా ఆగితే నువ్వు మళ్లీ ఎక్కడ అందుకుంటావమ్మా?"

అంతే. ఆ తర్వాత పులిహోర మిగిలిపోతోంది, ఇంకొంచెం పెట్టుకో అన్నారు.

ఇలాంటి కథల్లో పిల్ల మనసు మార్చుకుని మృదంగంలో పేరు తెచ్చుకోవాలి. నేను సోమవారం ఫారం ఇచ్చేశాను. ట్రాంబోన్ గొట్టం చివరిదాకా లాగేంత పొడుగు చెయ్యి నాకు లేదని ఐదు నెలల్లో తేలింది, అదీ మానేశాను. అంకుల్ ఆ తర్వాత ఇంకో ఏడాదికి మరో రాష్ట్రానికి మారిపోయారు. వెళ్లేముందు ఉన్న ఒక్క మృదంగాన్నీ దుప్పట్లలో చుట్టి, కార్లో ముందు సీట్లో కూర్చోబెట్టి, సీటుబెల్టు కూడా పెట్టారు. ఆంటీ వెనక కూర్చున్నారు.

ఆ రోజు నుంచి నాకు మిగిలింది సంగీతం కాదు. ఇప్పుడు రెడ్‌మండ్‌లో ఉంటున్నాను. పోయినేడు నా రూమ్‌మేట్‌కి ఉద్యోగం పోయింది. వరంగల్ నుంచి మాస్టర్స్‌కి వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో చేరిన అమ్మాయి. ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి వీసా ఇచ్చే గడువు అరవై రోజులు, దాటితే దేశం వదిలి వెళ్లిపోవాలి. అందరూ ఫోన్లు చేశారు, ధైర్యం చెప్పారు, రెజ్యూమేలు దిద్దారు. తను మంచం మీంచి లేవడం మానేసింది. నాకు ధైర్యం చెప్పడం చేతకాదు, మధ్యలో ఏదో ఒక జోకు దొర్లుతుంది. అంచేత నాకు తెలిసింది చేశాను. గురువారం సాయంత్రం మేమిద్దరం కూరగాయలకు వెళ్లడం అలవాటు. ఆ గురువారమూ అదే టైముకి తలుపు కొట్టి, కారు తాళాలు పట్టుకుని నిలబడ్డాను. తర్వాతి గురువారమూ అంతే. తను వచ్చి, కొట్లో సామాన్ల బండి పట్టుకుని, ఏమీ చూడకుండా నిలబడేది. నేను బెండకాయలు ఏరేదాన్ని, కొనలు విరవకూడదని బోర్డు ఉన్నా విరిచి చూస్తూ.

మూడో వారం అడిగింది. "నీకు రంది లేదా ఏందే? నా వీసా పోతాందంటే నువ్వు బెండకాయలు ఏరుతున్నవ్."

"ఏరకపోతే ముదురువి వస్తాయి," అన్నాను.

నా మీద కోపంతో రెండు రోజులు మాట్లాడలేదు. గురువారం మళ్లీ తలుపు కొట్టాను. ఉద్యోగం తర్వాత ఎప్పుడో వచ్చింది, గడువుకి నాలుగు రోజుల ముందు, దానికీ నాకూ సంబంధం లేదు. అంతకు ముందే, ఆరో వారంలో, తను బండి వదిలి వచ్చి చుట్టలోంచి ఒక కవరు చింపుకుని నా పక్కన నిలబడింది. నేను ఏరినవి ఒకసారి చూసి, "ఇవన్నీ ముదిరినయే. జర జరుగు," అంది.

నేను జరిగాను.